ఎనిమిది ట్రయల్స్, ఒక జొన్న బిస్కెట్

2011 వేసవి. అప్పటికి ఒక మందుల కంపెనీలో, కొత్త మాత్రలు తయారుచేసే విభాగంలో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. కాపురం అశోక్ నగర్. నారాయణగూడలో ఒక సందు చివర యాదగిరి గారి బేకరీ ఉండేది. మా ఇంటికి బ్రెడ్డు అక్కడిదే.

ఒకరోజు ఆయన ముఖం వేలాడేసుకుని కూర్చున్నారు. గాజు బీరువా మీద విరిగిన బిస్కెట్ల గుట్ట. మైదా కలపకుండా ఉత్త జొన్నపిండితో బిస్కెట్ చేయాలని ఆయన పట్టుదల. చుట్టుపక్కల పెద్ద బేకరీలు వచ్చాక కేకుల గిరాకీ పోయింది. చిక్కడపల్లిలో ఒక సూపర్ మార్కెట్ వాళ్లు జొన్న బిస్కెట్ అయితే పెట్టుకుంటామన్నారట, ప్యాకెట్‌లో పొడి కాకూడదన్న షరతు మీద.

"నాలుగు నెలల సంది ఒక్కొక్కటి మార్చుకుంట చూస్తున్న మేడం. ఈసారి గూడ కాకపోతే భట్టి బంద్ చేసి, ఎవరి కార్ఖానాలన్న కూలికి చేరుత," అన్నారు. ముప్పై ఏళ్లు సొంత భట్టి నడిపిన మనిషి నోట ఆ మాట వినడం కష్టమనిపించింది.

"మా మాత్రలూ ఇలాగే పొడి అవుతాయండీ. నాకు వదిలేయండి," అన్నాను. నాకు కాస్త నోటి దూల ఎక్కువ.

మా వృత్తిలో డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్ అని ఒక పద్ధతి ఉంది. ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతే, రెండు మార్పులు కలిసినప్పుడు ఏం జరుగుతుందో తెలియదు. అందుకని మార్చాల్సిన వాటిని ముందే ఎంచుకుంటాం. వాటిని ఫ్యాక్టర్లు అంటాం. ఒక్కోదానికి ఎక్కువ ఒకటి, తక్కువ ఒకటి పెట్టుకుని అన్ని కలయికలూ చేసి చూస్తాం. మూడు ఫ్యాక్టర్లయితే ఎనిమిది ట్రయల్స్. నేనూ యాదగిరి గారూ కూర్చుని డాల్డా, భట్టి వేడి, బిస్కెట్ మందం అని మూడు తేల్చాం. వెనక గదిలో పిండి కలుపుతున్న ఆయన భార్య అనసూయక్క చేతికి ఎనిమిదింటి కొలతలూ రాసిన కాగితం ఇచ్చి వచ్చేశాను.

ఆదివారం ఎనిమిది ప్యాకెట్లూ నా స్కూటీ డిక్కీలో వేసుకుని, నారాయణగూడ నుంచి చిక్కడపల్లి మీదుగా అశోక్ నగర్ దాకా మూడు సార్లు తిరిగాను. మా రోడ్ల మీద అంతకు మించిన పరీక్ష యంత్రం లేదు. డాల్డా తక్కువ వేసిన నాలుగు ప్యాకెట్లలో ఒక్క బిస్కెట్టూ విరగలేదు. మిగతా నాలుగూ సగం పొడి. నాకు పట్టరాని సంతోషం. "డాల్డా తగ్గించండి, అంతే," అని తీర్పు చెప్పేశాను.

నాలుగు రోజుల తర్వాత యాదగిరి గారు ఫోన్ చేశారు. సూపర్ మార్కెట్‌కు పంపాల్సిన మొదటి లాటు ఆయనే స్వయంగా కలిపి, నేను చెప్పినట్లే డాల్డా తగ్గించి కాల్చారట. ట్రేలోంచి తీస్తుంటేనే పొడి.

"వాళ్లు ఇంకొక్క వారం ఆగుతరంట మేడం. ఇంక నాతోని కాదు," అన్నారు. గొంతులో కోపం కూడా లేదు. కోప్పడి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

మర్నాడు సెలవు పెట్టి వెళ్లాను. ఆ ఎనిమిది ట్రయల్స్ పిండి కలిపింది అనసూయక్క కాబట్టి, తక్కువ డాల్డా పిండి మళ్లీ నా ఎదుటే కలపమన్నాను. ఆమె స్టవ్ మీద గిన్నె పెట్టి నీళ్లు మరగబెట్టింది.

"వేడినీళ్లు ఎందుకక్కా? కాగితంలో లేదు కదా!" గట్టిగానే అరిచాను.

"నీళ్లెన్నో రాసిన్రు, అన్నే పోసిన. ఉడుకయా, సల్లటియా మీరు రాయలే. డాల్డా ఎక్కువున్న పిండి మంచిగనే ముద్దయింది, దానికి సల్లనీళ్లు పోసిన. ఇది చేతుల ఇరుగుతుంటే సూస్కుంట ఎట్ల ఊకుంట మేడం? జొన్నరొట్టెకు ఉడుకునీళ్లు పొయ్యమా?"

యాదగిరి గారు పని నేర్చుకున్నది మైదాతో. మైదాకు చన్నీళ్లే. నేనేమో కృష్ణా జిల్లా అన్నం మనిషిని, జొన్నరొట్టె కొట్టిన పాపాన పోలేదు.

"మరి ముందే ఎందుకు చెప్పలేదక్కా?"

"నన్నెవరడిగిండ్రు?" అంది ఆమె, పిండి మీంచి తల ఎత్తకుండా.

యాదగిరి గారు నా వైపు చూశారు, నేను నేల వైపు చూశాను.

మళ్లీ ఎనిమిది ట్రయల్స్ పెట్టాం. ఈసారి భట్టి వేడిని కదపకుండా, దాని బదులు నీళ్ల వేడిని ఫ్యాక్టర్‌గా పెట్టాం. చన్నీళ్లవి నాలుగు కలపడానికి అనసూయక్క ప్రాణం ఒప్పుకోలేదు. "పాడైతదని తెల్సి గూడ చేసుడేంది!" అని విసుక్కుంటూనే, ఈసారి మాత్రం ఏ సాయమూ చేయకుండా కలిపింది. వేడినీళ్లయితే డాల్డా తగ్గినకొద్దీ బిస్కెట్ గట్టిపడింది. చన్నీళ్లయితే డాల్డా తగ్గినకొద్దీ పొడి అయింది. ఒక ఫ్యాక్టర్ ఫలితం ఇంకో ఫ్యాక్టర్ మీద ఇలా ఆధారపడటాన్ని ఇంటరాక్షన్ అంటాం. చన్నీళ్లతో తనే కలుపుకుంటూ యాదగిరి గారు నాలుగు నెలలు ఏం మార్చినా ప్రయోజనం లేకపోయింది అందుకే.

వారం తిరగకముందే లాటు వెళ్లింది. తర్వాత వారం వాళ్లే మళ్లీ అడిగారు. ఆ భట్టి ఆరలేదు. యాదగిరి గారు నాకు దండం పెట్టబోతే చేతులు పట్టుకుని ఆపాను. ఆ దండం ఎవరికి చెందాలో మా ఇద్దరికీ తెలుసు.

ఆ తర్వాతి సోమవారం కంపెనీలో గ్రాన్యులేషన్ మెషీన్ దగ్గరికి వెళ్లాను. మందు పొడిని తడిపి ముద్ద చేసే యంత్రం అది. దాన్ని నడిపే సత్తయ్య గారికి ఆరేళ్లుగా కాగితం ఇచ్చి సంతకం పెట్టించుకోవడమే తప్ప, ఆయన్ను ఏదైనా అడిగిన గుర్తు లేదు.

"కొత్త మాత్రకు ట్రయల్స్ పెడుతున్నాం. ఏమేం మార్చి చూడమంటారు?" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. చేతులు తుడుచుకుని స్టూలు నా వైపు జరిపారు.

"కూసోండి మేడం. జర టైం పడ్తది."