రాయి లేని రొట్టె

నూనె చుక్క తగలని గోధుమ రొట్టె పెనం మీద కాలే వాసనకు అందరికీ ఆకలి వేస్తుందేమో గానీ, నాకు మాత్రం చెప్పులు విడిచి, కొంగు సర్దుకుని, నోరు మూసుకుని నిలబడాలనిపిస్తుంది. మొన్న సాయంత్రం నెల్లూరులో మేముండే అపార్ట్‌మెంటు మెట్ల మీదికి ఎవరింట్లోంచో ఆ వాసన వచ్చింది. షుగరు పుణ్యమా అని రాత్రిపూట పుల్కాలు తినే ఇళ్లు ఇప్పుడు మా అంతస్తులోనే ఎన్నో ఉన్నాయి. కూరగాయల సంచీతో మెట్ల మధ్యలో ఆగిపోయి, నేను జువ్వలదిన్నె పక్కనున్న మా పల్లెకు, ఒక శనివారం పొద్దుటికి, మా అవ్వ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాను.

అవ్వ అంటే మా నాయన తల్లి. మా పల్లెలో ఒకవైపు సరుగుడు తోపులు, ఒకవైపు వేరుశనగ చేలు, ఎటు తిరిగినా ఇసుక, గాలి తిరిగితే ఎండుచేపల వాసన, గాలి పడిపోతే బిట్రగుంట నుంచి రైలు కూత. మధ్యలో పెంకుల కప్పుతో మా చిన్న చర్చి. నెలకోసారి, మొదటి ఆదివారం, అక్కడ ప్రభువు బల్ల, అంటే ఏసు కడరాత్రి భోజనాన్ని తలచుకునే ఆరాధన, జరిగేది. సంఘమంతా పంచుకు తినే ఆ రొట్టె మా అవ్వ చెయ్యాల్సిందే. తాతయ్య పోయిన ఏడు కూడా ఆమె ఒక్క నెల తప్పలేదని ఊళ్లో చెప్పుకునేవాళ్లు.

అన్నం తినే ఊళ్లో గోధుమలెక్కడివి? నాయన బిట్రగుంట రైల్వేలో పని దిగి, బజారులో కొని, సైకిలు వెనక కట్టుకుని తెచ్చేవాడు. అవ్వ వాటిని కడిగి, తాతయ్య పాత పంచె మీద వాకిట్లో ఆరబోసి, కోళ్లను తోలుతూ కర్ర పట్టుకుని కూర్చునేది. ఆరాక చేటలో పోసుకుని గింజ గింజ ఏరేది. ఏరుతున్నంతసేపూ ఊరి మాటలు మాట్లాడకూడదు. ఎవరైనా పక్కింటి గొడవ మొదలుపెడితే వేలు పెదవి మీద పెట్టి గోధుమల వైపు చూపించేది, వాటికి చెవులున్నట్టు. తర్వాత తిరగలి. ఆ గరగర శబ్దంతో కలిసి ఆమె కూనిరాగం. పిండిని పల్చటి గుడ్డలో జల్లించి, తలంటుకుని, తెల్లచీర కట్టుకుని పెనం ముందు కూర్చుంటే, మేము వంటింటి గడప దాటకూడదు. అంచు చిట్లినా, మచ్చపడినా, ఆ రొట్టె బల్లకు పనికిరాదు, మాకు వచ్చేస్తుంది. అందుకే శనివారాల్లో మా పిల్లల ప్రార్థన వేరుగా ఉండేది: ప్రభువా, ఒక్కటైనా మాడాలి. ఆయన మా మాట వినడం చాలా అరుదు.

క్రిస్మస్ అరిసెలు కాస్త గట్టిపడితే అవ్వ నవ్వి ఊరుకునేది. మామిడికాయ వేసిన చేపల పులుసులో ఉప్పు ఎక్కువైనా పర్వాలేదు. అన్నింటికీ సర్దుకునే ఆ మనిషి ఈ ఒక్క రొట్టె దగ్గర మాత్రం కలెక్టరు కంటే కఠినం.

నాకు పదేళ్ల వయసప్పుడు అవ్వ కళ్లకు శుక్లాలు వచ్చాయి. ఆపరేషన్ అంటే వణికేది. వాకిట్లో అలవాటు కొద్దీ నడిచేది కాబట్టి ఎంత మసకబారాయో మాకూ తెలియలేదు. వానలకు ముందు ఒక మొదటి ఆదివారం, చర్చి అంతా తలలు వంచుకుని నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, ముందు చాప మీద కూర్చున్న మా అమ్మకు ఎవరి పంటికిందో రాయి పడ్డ చిన్న శబ్దం వినిపించింది. తలెత్తి చూస్తే పాస్టరు అయ్యగారి దవడ ఆగిపోయి ఉంది. ఆయన మెల్లగా మింగేసి, ఏమీ జరగనట్టే ప్రార్థన కొనసాగించారు. ఆ పూట అమ్మ ఇంటికొచ్చి అన్నం సరిగా తినలేదు.

అత్తకు చెప్పాలంటే అమ్మకు నోరు రాలేదు. ఆ పని తీసేస్తే అవ్వకు ఇంకేం మిగులుతుందన్నది ఆమె భయం. అందుకని ఒక ఉపాయం పన్నింది. అవ్వ ఏరిపెట్టిన గోధుమలను, మధ్యాహ్నం ఆమె కునుకు తీసేటప్పుడు, మేమిద్దరం పెరటి వసారాలో మళ్లీ ఏరాలి. నా నోట్లో నువ్వుగింజ నానదని ఇంటిల్లిపాదికీ తెలుసు, అయినా నా కళ్లు చురుకైనవని అమ్మ నన్నే తోడు పెట్టుకుంది. గాలికి కొట్టుకొచ్చిన ఇసుక రేణువులు, బెడ్డలు, ఎంత ఏరినా దొరికేవి. ఒక్కో రాయి దొరికినప్పుడల్లా అమ్మ మొహం చిన్నబోయేది.

కార్తీకమాసపు వానల్లో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగితే అవ్వకు మెలకువ వచ్చేసింది. గోడ పట్టుకుని వసారాలోకి వచ్చి నిలబడింది. అమ్మ కంగారుగా చేటను కొంగు కింద దాచింది.

"ఏంది మే, దాచినావు?"

అమ్మ కొంగు ఇంకా దగ్గరికి లాక్కుంది. ఏదీ దాచలేని నేను కూడా, వింతగా, బయటపెట్టలేదు. అవ్వ వంగి, తడుముకుంటూ చేట అంచు పట్టుకుంది, గింజల్లో చెయ్యి పెట్టింది, పక్కన మూతలో మేం ఏరిపోసిన బెడ్డలను వేళ్ల మధ్య నలిపి చూసింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"వానలకు ముందు నుంచి అత్తా."

"అయ్యగారి పంటికి తగిలిందా?"

అమ్మ ఏడ్చేసింది. అదే జవాబు. అవ్వ ఆ సాయంత్రమంతా చూరు కింద కూర్చుని, వాన నీళ్లు ఇసుకలో పడే చప్పుడు వింటూ ఉండిపోయింది. కాఫీ ఇస్తే తాగలేదు. ఆమెను అంత ఒంటరిగా నేనెప్పుడూ చూడలేదు. భయం వేసి వెళ్లి ఆమె ఒళ్లో తల పెట్టుకుంటే, జుట్టు నిమిరింది.

తెల్లారాక వాన తుంపరకు తగ్గింది. అవ్వ అమ్మ చెయ్యి పట్టుకుని, నన్ను గొడుగు పట్టమని, అయ్యగారింటికి నడిచింది. ఇకమీదట రొట్టె కోడలు చేస్తుందని చెప్పింది. అయ్యగారు మెత్తటి మనిషి, వెంటనే లేచి నిలబడ్డారు.

"పెద్దమ్మా, ఒక్క రాయికి అంత మాటెందుకు? మేమందరం సర్దుకుంటాంలే."

"మీరు సర్దుకుంటారు అయ్యగారూ. ఈళ్లు గూడా నా మొగం చూసి దొంగచాటున ఏరినారు. రొట్టె నా మొగం కోసరమా? సర్దుకోమని ప్రభువుకు పెడతామా?"

తిరిగొచ్చేటప్పుడు మాత్రం, సరుగుడు తోపు దగ్గర, అవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకోవడం నేను చూశాను. ఇష్టమైనదాన్ని చేతుల్లోంచి వదలడం ఆమెకూ కష్టమే అయింది.

ఆ నెల తిరగలి అవ్వే తిప్పింది, దానికి కళ్లతో పని లేదు. ఏరడం, జల్లించడం, కాల్చడం అమ్మది. పెనం ముందు అమ్మ రొట్టె తిప్పడానికి తటపటాయిస్తుంటే, అవ్వ గడప అవతలే కూర్చుని వాసనను బట్టి "తిప్పు మే, ఇంక తిప్పు" అని అరిచేది. ఆదివారం చర్చిలో అయ్యగారు రొట్టె విరిచి పంచారు. అవ్వ తన ముక్కను కళ్లు మూసుకుని చాలాసేపు నమిలింది. అమ్మ తన ముక్క నమలడం మరిచి ఆమెనే చూస్తోంది. ఇంటికొచ్చాక అవ్వ గుమ్మంలో కాళ్లు కడుక్కుంటూ అంది:

"రాయి లేదు. మందమైంది. వచ్చే నెలకు పలచగా రావాల."

అమ్మ పొంగిపోయి నన్ను ఎత్తుకుని తిప్పింది, పదేళ్ల పిల్లనని కూడా మరిచి. తర్వాతి వేసవిలో అవ్వ ధైర్యం చేసి ఆపరేషన్ చేయించుకుంది. చూపు తేటగా వచ్చింది. రొట్టె మళ్లీ నువ్వే చెయ్యి అత్తా అని అమ్మ ఎంత బతిమాలినా, కోడలి రొట్టె తన రొట్టె కంటే పలచగా వస్తోందని ఊరంతా చెప్పుకుంటూ తిరిగిందే తప్ప పెనం ముట్టలేదు.

ఇప్పుడు మా ఊరి చర్చిలో బల్లకు రొట్టె బదులు ప్యాకెట్లలో వచ్చే గుండ్రటి బిళ్లలు పంచుతారు. తిరగలి ఎవరింట్లోనూ లేదు. గోధుమలు ఏరడమంటే ఏమిటో మా ఇంటి పిల్లలకు తెలియదు. ఇసుక వాకిళ్లన్నీ సిమెంటు అయ్యాయి. అవ్వ లేదు. అమ్మ నా దగ్గరే, నెల్లూరులో ఉంది.

ఇక్కడి చర్చిలో పాటల బృందాన్ని చాలా ఏళ్లు నేనే నడిపాను. ఈమధ్య పై స్వరాల దగ్గర నా గొంతు చీలుతోంది. ఎవరూ అనలేదు, అనరు కూడా, అందరూ నా మొగం చూసే మనుషులే. పోయిన నెల పాస్టరుగారి దగ్గరికి నేనే వెళ్లి, ముందు నిలబడి పాడే చోటు మా బృందంలోని ఒక కాలేజీ పిల్లకు ఇమ్మన్నాను. "అక్కా, మీరు లేకుండా ఎట్లా?" అని ఆ పిల్ల ఏడ్చింది. ఆ ఆదివారం నేను అమ్మ పక్కన, ఆడవాళ్ల వరసలో కూర్చున్నాను. పిల్ల పై స్వరం అందుకోగానే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మ చూసి నా చెయ్యి పట్టుకుంది, బాధ అనుకుంది కాబోలు. కాదమ్మా అన్నాను. ఆ పాట, నేను పాడినన్నాళ్లూ, ఒక్కసారి కూడా అంత బాగా రాలేదు.