మా మరదలి నాలుగు పెట్టలు

నాకు నోటి దురుసు ఎక్కువని మావాళ్ళంతా అంటారు. ఉంటే ఉంది! ఆ నోరే లేకపోతే ఈ పరాయి దేశంలో, ఈ మాడిపోయే ఎండల్లో, పదేళ్ళుగా కుట్టుమిషను పెట్టుకుని బతికేదాన్నా? మా తమ్ముడి పెళ్ళాం మాత్రం నాకు పూర్తిగా తలకిందులు, నోట్లో నాలుక లేని పిల్ల. ఇక్కడికొచ్చిన ఏడు నెలల్లో ఒంటరిగా గేటు దాటి ఎరగదు. ఇక్కడి భాష రాదు, ఎండంటే భయం. "ఒకసారి అమ్మావాళ్ళ దగ్గరికి వెళ్ళొస్తా వదినా," అనేది. వెళ్తే మళ్ళీ రాదని నాకూ తెలుసు, తమ్ముడికీ తెలుసు. వాడు సగమైపోయాడు.

తమ్ముడు ఏసీ మెకానిక్కు. వాళ్ళిల్లు మా పక్కవీధిలోనే. పనికెళ్ళిన ఒక ఇంట్లో వాళ్ళు ఊరు ఖాళీ చేస్తూ వదిలేసిన నాలుగు కోడిపెట్టల్ని అట్టపెట్టెలో పెట్టుకొచ్చాడు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకురా?" అని నేను కసురుకున్నాను.

మరదలు ఒకదాన్ని ఒళ్ళోకి తీసుకుంది. మర్నాటినుంచి పెరట్లో ఒకటే కబుర్లు. "ఒసేయ్ దొరసానీ, దాని నూకలు దాన్ని తిననివ్వవే!" అని అరుస్తుంటే, ఈ పిల్లకి నోరుందా అని నేనే ముక్కున వేలేసుకున్నాను.

ఎండలు ముదిరాయి. పెళ్ళాం సుఖంగా ఉండాలని తమ్ముడు పడగ్గదిలో కొత్త ఏసీ బిగించాడు. వారం తిరక్కుండా పెట్టలు ముక్కులు తెరిచి రొప్పడం మొదలుపెట్టాయి, గుడ్లు మానేశాయి. మరదలు కోళ్ళగూటిమీద తడిగోనెలు కప్పింది, నీళ్ళలో ఐసు వేసింది. అయినా ఒక మధ్యాహ్నం దొరసాని చచ్చిపోయింది.

"నా చేతిలో ఇక్కడ ఏదీ బతకదు వదినా. మిగతావీ పోతే నేనుండలేను. టికెట్టు తియ్యమని మీ తమ్ముడికి చెప్పు," అని భోరున ఏడ్చింది.

మర్నాడు తమ్ముడికి సెలవు. మిట్టమధ్యాహ్నం మరదలు కిటికీలోంచి చూస్తూ, "వదినా, నీడ వదిలేసి అవి ఎండలో ఎందుకు నిలబడ్డాయి?" అంది. నిజమే. మూడూ గోడమూల ఎండలో ఒదిగి ఉన్నాయి. ఆ పిల్ల గబగబా వెళ్ళి గూడు పక్కన నీడలో గొంతుక్కూర్చుంది. నిమిషం కాకుండానే లేచి కేక పెట్టింది.

"ఏవండీ! ఇలా వచ్చి ఇక్కడ కూర్చోండి!"

తమ్ముడు కూర్చున్నాడు. కొత్త ఏసీ బయటి పెట్టె సరిగ్గా గూటికి ఎదురుగా ఉంది. లోపలి వేడంతా పొయ్యిసెగలా వాడి మొహానికి కొట్టింది. ఊరందరి ఏసీలూ చూసేవాడు వాడే! అందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందంటే ఇదే.

"ఏసీ ఆపేద్దాం. నేను ఉక్కలోనే పడుకుంటా," అంది మరదలు.

"ఎవరూ ఉడికిపోనక్కర్లేదు," అని వాడు అప్పటికప్పుడే నిచ్చెన వేశాడు. గ్యాసు బయటికి పోకుండా బిగించి, గొట్టాలు విప్పి, ఆ ఏసీ పెట్టెను డాబామీదికి ఎక్కించేసరికి సాయంత్రమైంది. నేను నిచ్చెన పట్టుకుని తిడుతూనే ఉన్నాను. ఆ పిల్ల అడక్కముందే స్పానర్లు అందించింది. పొద్దు గూకకముందే పెట్టలు గూటి నీడలోకి వచ్చాయి. ఐదోనాటికి ఒకటి గుడ్డు పెట్టింది.

ఆ తర్వాత వారం ఒకరోజు నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి గేటుకి తాళం. మరదలు ఫోనెత్తదు. చెప్పకుండా వెళ్ళిపోయిందేమోనని ఎండలోనే కూలబడ్డాను. అంతలో వీధి చివర బస్సు ఆగింది. మరదలు దిగింది. చేతిలో చిల్లులు పొడిచిన అట్టపెట్టె, లోపల కీచుకీచుమని గోల.

"ఎక్కడ చచ్చావే! ఒక్కదానివే వెళ్ళావా? భాష రాకుండా ఏమని అడిగావు?"

"కోడిలా కూశాను వదినా. కోళ్ళ కొట్టులో అందరూ పడీపడీ నవ్వారు. రెండు పెట్టపిల్లల్ని ఏరి ఇచ్చారు." చెమట తుడుచుకుంటూ తనూ నవ్వింది.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. "మరి మీ అమ్మావాళ్ళ దగ్గరికి వెళ్తానన్నావుగా?"

"ఇప్పుడెలా కుదురుతుంది? ఇవి గుడ్డుకు రావడానికే ఇంకా నాలుగు నెలలు పడుతుంది," అంటూ గేటు తాళం తీసింది.