మాంత్రికుడు పోయాక దీపం

శనివారం మధ్యాహ్నం, గోదావరిఖని క్వార్టర్లో యమునా, పక్కింటి రుత్విక్కూ పాచికలు వేస్తూ కథ నడిపే ఆట ఆడుతున్నారు. ఆటలో యమున ఒక ముసలి మాంత్రికుడు. సొరంగంలో ఎప్పటికీ ఆరని దీపం వెలిగించాడు, ఆ వెంటనే రాక్షసుడి చేతిలో చచ్చిపోయాడు.

కథ నడిపించే రుత్విక్, "వెలిగించినోడే లేడు. ఇగ దీపం ఆరిపోయినట్టే అక్కా" అన్నాడు.

యమునకు ఒళ్లు మండింది. "ఎట్ల ఆరుతది? ఎప్పటికీ వెలుగుమని చెప్పిండు. చాలని చెప్పకుంటనే పోయిండు. ఇగ దాన్ని ఆపేదెవరు?"

అంతలో గని సైరన్ మోగింది. మొదటి షిఫ్టు అయిపోయింది. యమున ఆట వదిలేసి వంటింట్లోకి వెళ్లి, పెద్ద గిన్నెడు నీళ్లు స్టౌ మీద పెట్టింది. బొగ్గు మసితో ఇల్లు చేరే నాన్న స్నానానికి చిన్నప్పటి నుంచీ ఆమె చేస్తున్న పని అది.

ఆ నాన్న, రాయమల్లు, పోయి రెండేళ్లయింది. ఆయన బదులు గనివాళ్లు ఇచ్చిన ఉద్యోగం చేసుకుంటూ ఆమె ఆ క్వార్టర్లో ఒక్కతే ఉంటోంది.

గుమ్మం దగ్గర నిలబడి చూసిన రుత్విక్, "దీపం వెలుగుతనే ఉంటది అక్కా" అని మెల్లగా చెప్పి వెళ్లిపోయాడు.

నీళ్లు మరిగాయి. ఎప్పటిలాగే వాటితో యమున గిన్నెలు తోముకుంది.