పుస్తకంలో తమ్ముడి చోటు

మా చిన్నప్పుడు... జొన్నలు ఇంటికి చేరాక మా ఊరికి ఒక పెద్దాయన వచ్చేవాడు. పులివెందుల వైపు మనిషి. మా ఊరేమో జమ్మలమడుగు దగ్గర, పెన్న ఒడ్డున. ఆయన చంకలో ఎర్రగుడ్డ చుట్టిన లావుపాటి పుస్తకం ఉండేది. ఎవరికి ఎవరు పుట్టారో, మా వంశంలో ఎనిమిది తరాల పేర్లు అందులో ఉండేవి. మూడేళ్ళకోసారి వచ్చి మా పంచలో కూర్చుని, ఆ పేర్లన్నీ రాగం తీసి చదివి, కొత్తగా పుట్టినవాళ్ళను ఎక్కించుకుని పోయేవాడు.

కొత్తగా పుట్టినవాళ్ళంటే మగపిల్లలే... ఆడపిల్లలం ఇంకో ఇంటికి పోయేవాళ్ళం కదా, మా పేర్లతో వాళ్ళకేం పని!

ఆ ఏడు ఆయన వచ్చేసరికి నాయన, జేజినాయన (నాయనకు నాయన) ఇద్దరూ శెనక్కాయల బండి తోలుకుని ప్రొద్దుటూరు పోయారు. అమ్మ లోపల తమ్ముడికి పాలిస్తోంది. ముగ్గురు ఆడపిల్లల తర్వాత పుట్టినవాడు. అందరికంటే పెద్దదాన్ని నేను, నాకు తొమ్మిదేళ్ళు. వాడు పుట్టినప్పటి నుంచి ఇంట్లో నన్ను పలకరించే దిక్కు లేదు. ఉయ్యాల వాడికి... ఊపే పని నాకు.

పెద్దాయనకు అప్పటికే కళ్ళలో పొరలు. "నువ్వు బడికి పోతాండావు గదమ్మా... నాకు అచ్చరాలు ఆనడంల్యా. మీ నాయన పేరు కింద మీ తమ్ముని పేరు నువ్వే రాయి" అని కలం నా చేతికిచ్చాడు. అమ్మ లోపలి నుంచి తమ్ముడి పేరు గట్టిగా చెప్పింది.

"నా పేరు గూడా రాసుకుంటా తాతా" అన్నాను.

"ఆడబిడ్డలను రాయగూడదు మ్మే" అని నవ్వాడు.

ఆ నవ్వుకు నాకు ఒళ్ళు మండింది. తమ్ముడి పేరు రాయమన్న చోట గుండ్రంగా నా పేరు రాసేశాను. "రాసినావా?" అన్నాడు. "రాసినా తాతా" అన్నాను. ఆయన పుస్తకం కళ్ళకద్దుకుని మూట కట్టుకున్నాడు. ఆ రోజంతా నేను లోలోపల తెగ మురిసిపోయాను.

ఏడాదిన్నరకే తమ్ముడు వాంతులు, భేదులతో పోయాడు. ఎద్దులబండి ఆస్పత్రి చేరకముందే... వాడికి ఫోటో కూడా లేదు. ఓదార్చడానికి ఎవరొచ్చినా అమ్మది ఒకటే మాట: "రెండేండ్లు గూడా ఉండకపాయె. అయినా పుస్తకంలో ఎక్కినాడు నా కొడుకు. వంశం చదివినప్పుడల్లా వాని పేరు ఇనపడ్తాది."

ఆ మాట వినపడినప్పుడల్లా నేను లేచి పెరట్లోకి పోయేదాన్ని. చెప్పేస్తే పోయేది... పెద్దాయనకు కబురు పెట్టి దిద్దించేవాళ్ళేమో. భయపడి చెప్పలేదు.

పెద్దాయన వచ్చిపోయిన మూడేళ్ళకు, ఈసారి ఆయన కొడుకు వచ్చాడు. తండ్రి చనిపోయాడట. పంచ నిండా జనం. అమ్మ తలుపు వెనక నిలబడి, నా భుజం మీద చెయ్యి వేసుకుని వింటోంది. అతను జేజినాయన పేరు చదివాడు, నాయన పేరు చదివాడు... ఆగిపోయాడు.

"ఇదేందప్పా, ఈడ ఆడబిడ్డ పేరుంది!"

అందరూ గొల్లున నవ్వారు. "మీ నాయనకు కండ్లు కనపడక ఏందో రాసుంటాడులే" అన్నాడు జేజినాయన. పాపం అతను సిగ్గుతో తలొంచుకుని నా పేరు కొట్టేశాడు. నా తప్పు ఒక చచ్చిపోయిన మనిషి మీద పడింది.

"అట్లయితే నా కొడుకు పేరు ఇప్పుడన్నా రాయప్పా" అంది అమ్మ, తలుపు చాటు నుంచే.

"పోయినోళ్ళను కొత్తగా ఎక్కించేది ల్యాదమ్మా. మా పెద్దోళ్ళు పెట్టిన కట్టు."

అమ్మ నా భుజం మీద నుంచి చెయ్యి తీసేసింది.

టీచరుగా రిటైరయ్యాక, అమ్మ ఉండగానే వాడి పేరు ఎక్కడైనా దొరుకుతుందేమోనని తిరిగాను. జమ్మలమడుగులో పాత జనన మరణాల రిజిస్టర్లు తీయించాను. ముట్టుకుంటే పొడి రాలే కాగితాలు... మూడు రోజులకు మా ఊరి పేజీ దొరికింది. నాయన పేరుంది, ఊరుంది. బిడ్డ పేరు రాయాల్సిన గడిలో ఒక గీత. పక్కన "మగ". మరణాల పుస్తకంలోనూ ఫలానా ఆయన కొడుకు అని, అంతే. పులివెందుల వెళ్ళి ఆ పెద్దాయన మనవలనూ పట్టుకున్నాను. పుస్తకం భద్రంగా ఉంది. కొట్టేసిన నా పేరు ఇప్పటికీ చక్కగా చదవొచ్చు.

ప్రొద్దుటూరులో నా దగ్గరే ఉన్న అమ్మకు ఆ రోజు మొత్తం చెప్పేశాను.

"తెలుసు మ్మే. కలం నీ చేతికిచ్చింది నేను ఇనలేదా?" అంది.

"మరి అప్పుడే నన్నెందుకు అడగలేదుమా?"

"వాడు పాయె. నిన్ను గూడా పోగొట్టుకోమంటావా?" అని, మళ్ళీ తనే, "యాడన్నా ఒక చోట వాని పేరు రాయి" అంది. అట్లాగే అన్నాను. అమ్మ పోయి కూడా పన్నెండేళ్ళు... నేనింకా రాయలేదు.

"ఆడపిల్లల పేర్లు రాయకపోవడమే తప్పు జేజీ, నువ్వు చేసింది కరెక్టే" అంటుంది మా మనవరాలు. రాయకపోవడం తప్పే. కానీ నేను ఆ తప్పు దిద్దడానికి రాయలేదు తల్లీ... కుళ్ళుతో రాశాను.

ఇప్పుడు ఆడైనా మగైనా, బిడ్డ ఆస్పత్రి నుంచి ఇంటికి రాకముందే ఎన్ని కాగితాలో... చూస్తే సంతోషంగా ఉంటుంది. మా రోజుల్లో ఒక బిడ్డ ఈ భూమ్మీద ఉన్నాడని చెప్పడానికి ఆ పుస్తకంలో ఒక్క వరసే ఉండేది. అది నేను లాక్కున్నాను.

మీ ఇళ్ళల్లో కూడా ఏ పుస్తకానికీ ఎక్కని పేర్లు ఉంటే కింద రాయండి... తెలిసినవాళ్ళు ఉండగానే. ముందు నేను రాస్తున్నాను.

మా తమ్ముడి పేరు ఓబులేసు.