ఖాళీ అని రాసిన చానెల్

తెనాలిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ, నలభయ్యో ఏట పీహెచ్‌డీలో చేరాను. మా గైడుగారు బాపట్లలో ఉండేవారు. ఆయన నాకిచ్చిన పని వినడానికి చిన్నదే. ఫోన్లకీ పోలీసులకీ టీవీకీ పడవలకీ ప్రభుత్వం వేరువేరు రేడియో చానెళ్ళు కేటాయించింది. వాటిలో చాలావాటిలో చాలాసేపు ఎవరూ మాట్లాడరు. ముందు చెవి పెట్టి విని, ఎవరూ లేని చానెల్‌ను కాసేపు వాడుకుని, అసలు హక్కుదారు రాగానే తప్పుకునే రేడియోలు ఇప్పుడు తయారవుతున్నాయి. వాటికి ఏ ఊళ్ళో ఎక్కడ చోటుందో నేను కొలిచి చెప్పాలి.

తెనాలిలో మేముండే ఇంటి డాబా మీద వారం రోజులు కొలిచాను. ఆ తర్వాత బాపట్లలో, గైడుగారి కాలేజీ మేడ మీద. మూడోది రేపల్లె అవతల, పడవలు ఆగే రేవులో పెట్టమన్నారు. జనం పలచగా ఉన్నచోట ఖాళీ ఎంత ఉంటుందో చూద్దామని ఆయన ఆలోచన.

యాంటెన్నాను పాత దుప్పట్లో చుట్టి రేపల్లె రైలెక్కాను. భట్టిప్రోలులో ఎక్కినావిడ దాన్ని తడిమి చూసింది.

“ఏంటమ్మా ఇది?”

“యాంటెన్నా అండి. గాలిలో ఎవరు మాట్లాడుతున్నారో చూసేది.”

“మన మాటలు కూడా వినపడతాయా ఏంటి?”

“మాటలు వినపడవండి. ఎవరో మాట్లాడుతున్నారని మాత్రం తెలుస్తుంది.”

ఆవిడ నమ్మినట్టు లేదు. కాస్త ఎడంగా జరిగి కూర్చుంది.

రేవులో చేపల వేటగాళ్ళ సంఘానికి రెండు గదుల డాబా ఉంది. పైన నా యాంటెన్నా, కొలిచే యంత్రం పెట్టుకోనిచ్చారు. కింద గదిలో పడవలతో మాట్లాడే వైర్‌లెస్ సెట్టు ఉండేది. పగలంతా దాని ముందు యాభై దాటిన ఒకావిడ కూర్చునేది. ఆమె భర్త, మరిది వేటకు వెళ్ళేవారు. నేను ఆమెను అక్కా అని పిలిచాను.

రెండోరోజు మధ్యాహ్నం ఎండకు తాళలేక కిందికి దిగాను. సెట్టు సన్నగా బుసకొడుతోంది. అక్క చింతపండులో గింజలు తీస్తోంది.

“అక్కా, నిన్నట్నించి చూస్తున్నాను. ఇందులో ఎవరూ మాట్లాడట్లేదు కదండి?”

“మాట్లాడరమ్మా. కబుర్లకి వేరే నంబరుంది. ఇది ఆపదొస్తేనే.”

“మరి రోజంతా ఎందుకు కూర్చోవడం?”

“చప్పుడు లేదంటే అంతా బానే ఉన్నట్టు. ఆ సంగతి ఎవరో ఒకళ్ళకి తెలియాలి కదమ్మా.”

ఆ చానెల్ ఎదురుగా నా పుస్తకంలో నేను అప్పటికే ఖాళీ అని రాసేశాను. ఆమె మాట విన్నాక కూడా కొట్టేయలేదు. నాకు కావలసింది కొలత, ఆమె చెప్పింది వేరే సంగతి అనుకున్నాను.

మూడోరోజు పొద్దున్న మేమిద్దరం టీ తాగుతుండగా సెట్టులో ఒక మగ గొంతు వినిపించింది. ఇంజను ఆగిపోయింది, వెనకవైపు నీళ్ళొస్తున్నాయి అంటున్నాడు. అక్క గ్లాసు కింద పెట్టింది.

“ఎక్కడున్నావయ్యా? నెమ్మదిగా చెప్పు.”

అతను చెప్పిన అంకెలను గోడమీది క్యాలెండర్ అంచున రాసుకుంది. తర్వాత, ఆ దగ్గర్లో ఎవరున్నారని అదే చానెల్‌లో మూడుసార్లు అడిగింది. మూడోసారికి ఒక పడవ పలికింది. వస్తున్నామంది. అంతా రెండు మూడు నిమిషాల్లో అయిపోయి, సెట్టు మళ్ళీ బుసకొట్టడం మొదలుపెట్టింది.

“మీవాళ్ళా అండి?” అన్నాను.

“కాదు. పక్క రేవు వాళ్ళు.” ఆమె సెట్టు చప్పుడు ఇంకాస్త పెంచింది.

నేను మేడమీదికి పరుగెత్తాను. యంత్రం తెరమీద ఆ చానెల్ దగ్గర గీత ఎక్కడా లేవకుండా నున్నగా ఉంది. నా యంత్రం అన్ని చానెళ్ళనూ వరసగా వింటూ పోతుంది. మళ్ళీ అదే చోటికి రావడానికి దానికి చాలాసేపు పడుతుంది. అతను నీళ్ళొస్తున్నాయని చెప్పేటప్పుడు అది ఎక్కడో టీవీ చానెళ్ళు వింటోంది. నేను చెవులారా విన్నది నా లెక్కలో జరగనేలేదు.

మధ్యాహ్నానికి ఆ పడవను లాక్కొచ్చారు. నలుగురు దిగారు. ఒకతను అరుగు మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. అక్క అతనికి రెండుసార్లు టీ ఇచ్చింది.

బాపట్ల వెళ్ళి గైడుగారికి చెప్పాను.

“సార్, దీన్ని ఖాళీ అని రాయలేనండి.”

“పద్ధతి ప్రకారం ఖాళీయే కదమ్మా. పైగా ఆపద చానెల్ ఎలాగూ ఎవరికీ ఇవ్వరు. నియమాలున్నాయి.”

ఆయన అన్నది నిజమే. కానీ ఆ ఒక్క చానెల్ గురించి కాదు నా బాధ.

“మన కొలత దీన్నీ, ఎవరికీ పట్టని చానెల్‌నీ ఒకేలా చూపిస్తోందండి. ఇలాంటివి ఇంకెన్నున్నాయో మనకి తెలీదు.”

ఆయన నా కొలతల పట్టికను తెనాలి పేజీకి తిప్పారు.

“అయితే తెనాలివి కూడా మళ్ళీ చూడాలంటావా?”

“చూడాలండి.”

దానికి ఇంకో ఏడాది పట్టింది. నిశ్శబ్దంగా ఉన్న ఒక్కో చానెల్‌నూ రోజుల తరబడి విడిగా విన్నాను. అది ఎవరిదో కనుక్కుని, వెళ్ళి అడిగాను. కొన్నిచోట్ల నన్ను గుమ్మంలోంచే పంపేశారు. చాలావాటిని నిజంగానే ఏళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు. కొన్ని మాత్రం, మాట్లాడకుండా కాచుకుని ఉన్నవి. వాటికోసం పట్టికలో ఇంకో గడి గీశాను.

మొత్తం లెక్కలో పెద్ద తేడా రాలేదు. గైడుగారు ఆ మాటే అన్నారు, కాస్త నవ్వుతూ.

“ఆ గడి ఉండనివ్వండి సార్,” అన్నాను. ఉంచారు.