పేజీ తిప్పే వైపు కుర్చీ

సికింద్రాబాద్ చర్చిలో చెల్లో అనే పెద్ద వయొలిన్ నేర్చుకోవడం మొదలుపెట్టిన నేను ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో ఏకంగా ఆర్కెస్ట్రాలో చేరిపోయానని మా ఆంటీ కనిపించిన వాళ్ళందరికీ చెప్పేసింది. ఆంటీ అంటే నేను అద్దెకుంటున్న ఇంటావిడ, గుంటూరు మనిషి, ఆసుపత్రి కంటి విభాగంలో నర్సు. నిజానికి నేనింకా చేరలేదు, ట్రయల్ మీద ఉన్నాను. నెలల తరబడి వాళ్ళతో కలిసి వాయిస్తే, చివరికి ఉంచుకునేదీ పొమ్మనేదీ చెబుతారు. నాకప్పటికి ముప్పై రెండేళ్ళు. అంతకుముందే రెండు ఆర్కెస్ట్రాలు పొమ్మన్నాయి. ఇది కూడా పోతే ఇక పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బతకడమే.

చెల్లో వాళ్ళం ఇద్దరికో స్టాండ్, దాని మీద ఒకటే స్వరాల పుస్తకం. లోపలి వైపు కూర్చున్న మనిషి వాయించడం ఆపి పేజీ తిప్పాలి. బయటి వైపు మనిషి ఆపకూడదు, తిప్పాల్సిన చోట తలూపాలి. లోపలి కుర్చీ నాది. బయటి కుర్చీలో రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ పెద్దాయన. నాతో మాట్లాడేటప్పుడు సూటిగా చూసేవారు కాదు, తల పక్కకు తిప్పి ఓరగా చూసేవారు. దొరగారి కంటికి నేను ఆనడం లేదు కాబోలని లోలోపల ఉడికిపోయేదాన్ని.

ఒక కచేరీలో, ఆయన తలూపకముందే, చెమట పట్టిన వేళ్ళతో రెండు పేజీలు కలిపి తిప్పేశాను. గుండె ఆగినంత పనైంది, నా చేతిలో కమాను నిజంగానే ఆగిపోయింది. ఆయన మాత్రం ఒక్క స్వరం తడబడకుండా వాయించుకుంటూ పోయారు.

మర్నాడు మా చెల్లో బృందం లీడర్ ఇద్దరినీ పిలిచి, నిన్న ఏం జరిగిందని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నారు.

"తప్పు నాది. తొందరపడి తలూపాను. ఈ మధ్య నాకు నోట్స్ కనిపించడం లేదు."

ఇంటికొచ్చి, నాకోసం ఆ పెద్దమనిషి ఎంత చక్కగా అబద్ధమాడారో ఆంటీకి నటించి మరీ చూపించాను, ఆ ఓరచూపుతో సహా. ఆంటీ నవ్వలేదు.

"ఎప్పుడూ అట్టాగే చూస్తాడా?"

"ఎప్పుడూ అంతే ఆంటీ."

"అయితే కళ్ళ సంగతి అబద్ధం కాదే పిల్లా. నడిమి చూపు పోయినోళ్ళు అట్టా పక్కనించే చూస్తారు. మా క్లినిక్‌లో రోజూ చూస్తన్నాగా. ఎదురుగా ఉన్న మనిషి మొహం కూడా ఆనదు వాళ్ళకి. వాళ్ళ జీపీ డాక్టరుకన్నా చెప్పాడో లేదో, పాపం."

అప్పటికి గాని నాకు వెలగలేదు. ఆయన పేజీ చూసి వాయించడమే లేదు. అంతా కంఠతా పట్టి వస్తున్నారు, ఎన్నాళ్ళ నుంచో. ఉద్యోగం పోతుందని దాచుకున్న సంగతిని నాకోసం తానే బయటపెట్టుకున్నారు.

ఆఫీసు వాళ్ళు ఆయన్ను కంటి పరీక్షకు పంపారు. సీజన్ ముగియగానే ఆయన వెళ్ళిపోతున్నారని నోటీసు బోర్డులో పెట్టారు. అదే వారం నా ఉద్యోగం ఖాయమైంది. నేను ఆయన దగ్గరకెళ్ళి సిగ్గు విడిచి ఏడ్చాను. నా తప్పు నన్ను ఒప్పుకోనిస్తే మీరింకా ఉండేవారు కదా, ఎందుకలా చెప్పారని అడిగాను.

ఆయన చెల్లో తీగల మీద కమాను నుంచి రాలిన పొడి తుడుస్తూ, "నాకు మిగిలింది రెండేళ్ళు. నీకు ముప్పై," అన్నారు.

ఆ ముప్పైలో తొమ్మిది గడిచాయి. ఆయనకు చెప్పాల్సిన మాట ఇప్పటికీ దొరకలేదు.