పదకొండు సెకన్లలో లేచిన యంత్రం

నరీన్ ఊళ్లో, దెబ్బలు తిని ఇల్లు విడిచిన ఆడవాళ్లు తలదాచుకునే ఇల్లొకటి ఉంది. సైరాగుల్ కూడా అలా వచ్చినదే. మొగుడు మైరంబెక్ పార కట్టెతో ఆమె దవడ విరగ్గొట్టాడు. ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసిన మనిషి కనుక, దవడ అతుక్కోగానే ఆ ఇంటి కంప్యూటరూ గుమ్మం మీదా వరండాలోనూ ఉన్న కెమెరాలూ ఆమె చేతికొచ్చాయి.

ఆ చలికాలం కరెంటు మాటిమాటికీ పోయేది. ముసలి కంప్యూటర్ మళ్లీ లేచి రికార్డు చేయడానికి నాలుగు నిమిషాలు పట్టేది. ఆ సందులోనే ఎవడో రాళ్లు రువ్వి కిటికీలు బద్దలుకొట్టాడు. గాజుపెంకు గుచ్చుకుని ఒకామె కన్ను పోయింది.

"వీడియో ఉందా?" అన్నాడు పోలీసు. లేదనగానే కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సైరాగుల్ మర్నాడే పాతదంతా చెరిపేసి కంప్యూటర్‌ను నడిపే లినక్స్ అనే కొత్త వ్యవస్థ ఎక్కించింది. యంత్రంలో అన్నిటికన్నా ముందు లేచి, మిగతా ప్రోగ్రాములన్నిటినీ లేపేదాన్ని ఇనిట్ అంటారు. ఓపెన్‌ఆర్‌సీ, రనిట్, ఎస్‌సిక్స్, ఈ మూడింట్లో ఏది కావాలో ఎంచుకోమంది ఆ లినక్స్. ఆమె ఒక్కొక్కటే పెట్టి చూసింది. వైరు పీకడం, మళ్లీ గుచ్చడం, సెకన్లు లెక్కపెట్టడం. ఆరు రోజులు అదే పని.

"ఇంత పరీక్ష మొగుణ్ణి ఎంచుకునేటప్పుడు చేసుంటే ఎంత బాగుండేదే!" అంది ఆ ఇల్లు నడిపే కన్యషై. అక్కడివాళ్లంతా ఆమెను ఎజే, అంటే అక్క, అని పిలుస్తారు.

"వాణ్ణి ఎంచుకున్నానా ఎజే? పెళ్లికని బలవంతంగా ఎత్తుకుపోయాడు" అంది సైరాగుల్.

చివరికి రనిట్ ఉంచేసింది. దాని కోడు చిన్నది, చదివితే తలకెక్కింది. ఆ ముసలి యంత్రం పదకొండు సెకన్లలో లేచింది.

మార్చిలో ఒక గురువారం మధ్యాహ్నం మైరంబెక్ వచ్చాడు. గేటు దగ్గర మెయిన్ స్విచ్ దించి, ఇనుప కడ్డీతో తలుపు పగలగొట్టి, సైరాగుల్‌ను జుట్టు పట్టి వరండాలోకి ఈడ్చాడు.

"నన్ను కాదని ఇక్కడ దాక్కుంటావే?"

మొదటి దెబ్బకు ఆమె ఎడమ చెయ్యి విరిగింది. కన్యషై పెరటి తోవన పరిగెత్తి స్విచ్ ఎత్తింది. కాసేపటికి కెమెరా మీద పచ్చదీపం వెలిగింది. రెండో దెబ్బ, మూడో దెబ్బ అందులో రికార్డయ్యాయి. కన్యషై పొయ్యి మీది మరిగే పులుసు తెచ్చి వాడి వీపున కుమ్మరించింది. వాడు అరుస్తూ కూలాడు. కడ్డీ జారింది. సైరాగుల్ దాన్ని అందుకుని వాడి మోకాలి మీద కొట్టింది. వాడు "వద్దే, చాలు" అన్న తరువాత కూడా మరో రెండుసార్లు కొట్టింది.

పోలీసులు వచ్చేందుకు ఇరవై నిమిషాలు పట్టింది. ఆమె విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది.

"వీడియోలో ఆ చివరి ముక్క తీసెయ్. నిన్నూ లోపలేస్తారు" అంది కన్యషై.

"కెమెరా పెట్టింది నేను. నా వంతు రాగానే దాన్ని కళ్లు మూసుకోమనాలా?"

మైరంబెక్‌కు ఆరేళ్లు పడింది. ఆమెకు ఏడాది శిక్ష వేసి, జైలుకు పంపకుండా పోలీసుల నిఘాలో ఉంచారు. తీర్పు విని ఆమె ఏడవలేదు. ఎడమ చేతి రెండు వేళ్లు ఇప్పటికీ వంగవు. వాడు మళ్లీ నడుస్తున్నాడని ఎవరో చెబితే, "కుంటుతున్నాడా?" అని మాత్రం అడిగింది.